అమ్ములు వంతు చాగ

తన మొక్కల్ని దొంగలు ఎత్తుకుపోవడం లేదని దిగులుపడిన మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆమె మా పక్కింటి కెంచమ్మక్క. నిజానికి దొంగలకు కరువేమీ లేదు. మూకండపల్లిలో మా వీధి వీధంతా ఆమె చాగ మొక్కల్ని ఎత్తుకుపోయి పెంచుకుంది. ఎత్తుకుపోనిది ఒక్కరే, రెండు వీధుల అవతల సొంతిల్లు కట్టుకున్న ఆమె చెల్లెలు అమ్ములు. ఆ ఒక్క దొంగ కోసమే కెంచమ్మక్క ఆరేళ్లు కాచుకుంది.

నేను మూకండపల్లికి వచ్చింది తొంభై అయిదులో, పెళ్లైన కొత్తలో. మాది శూలగిరి పక్కన పల్లె. రాగులూ అనపకాయలూ పండించే ఇల్లు. మా ఆయన ప్రసాదు హోసూరు పారిశ్రామిక ఎస్టేటులో ఒక కంపెనీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. గుర్రప్ప అనే ఆసామి కట్టించిన లైనిళ్లలో చివరి గది మాది, దాని పక్కది కెంచమ్మక్కదీ, ఆమె మొగుడు పాపన్నదీ. ప్రతి గదికీ గడపకూ మురుగు కాలువకూ మధ్య కాస్త నేల ఉండేది. అందరి నేలలోనూ కంకర, సిమెంటు పెళ్లలు, పిల్లల చెప్పులు. కెంచమ్మక్క నేల మాత్రం పచ్చగా నిటారుగా నిలబడి ఉండేది.

చాగ తెలియనివాళ్లకు చెబుతాను. అది కొండ మొక్క. తమిళం వాళ్లు మరుల్ అంటారు. దానికి కాండం లేదు, కొమ్మ లేదు. నేలలోంచి ఆకులే నేరుగా లేస్తాయి, మందంగా, దోనె లాగా మడిచి, మోకాలి ఎత్తు దాకా. ముదురాకుపచ్చ మీద లేత పచ్చ పట్టీలు అడ్డంగా, ఎవరో ఓపిగ్గా కూర్చుని గీసినట్టు ఉంటాయి. ఎప్పుడో ఒకసారి తెల్లటి పూలగుత్తి వేస్తుంది, సాయంత్రమైతే సన్నగా వాసన వస్తుంది. కానీ పూల కోసం దాన్ని ఎవరూ పెంచరు. ఆకు చూసే పెంచుతారు. ఎండకు చావదు, మేక ముట్టదు, మట్టి ఎలాంటిదని అడగదు. దానికి పడనిది ఒక్కటే, వేళ్లలో నీళ్లు నిలవడం.

వచ్చిన వారానికే నాకు ఆ మొక్క మీద మనసుపడింది. మర్యాదగా వెళ్లి అడిగాను.

“అక్కా, నాకి ఒక మొక్క ఇస్తావా?”

కూడని మాట ఏదో నా నోట వచ్చినట్టు చూసిందామె. “అడిగితే ఇయ్యనమ్మా. అడిగి తీసుకునింది బతకదు,” అంది. చెంబు కింద పెట్టి, గొంతు తగ్గించి, “రేపు పొద్దున నేను క్యాంటీనుకు పోతాను. పాపన్న డ్యూటీలో ఉంటాడు. ఈడ ఎవురూ ఉండరు,” అని లోపలికి వెళ్లిపోయింది.

నేను పుట్టిన ఇంట్లో పక్క చేలో అనపకాయ తెంపితే మా నాయన చేతి మీద వేసేవాడు. అలాంటిదాన్ని, రెండు రోజులు మీమాంస పడి, మూడో రోజు గరిటె కాడతో తవ్వి ఒక పిలక పెరుక్కొచ్చాను. మరునాడు పొద్దున్నే కెంచమ్మక్క వీధిలో నిలబడి మొదలుపెట్టింది. “యా ముండ తవ్వుకుపోయిందో గానీ, దాని చేతులు పడిపోను. నా పిలక యాడుండాదో ఆడ దాని కొంప మునగ.” వీధి వీధంతా వింటోంది. నేను గడపలో నక్కి నిలబడ్డాను. తిట్టుకుంటూనే నా దగ్గరకు వచ్చి కాఫీ గ్లాసు చేతికిచ్చి, మళ్లీ నడివీధిలోకి వెళ్లి మిగిలిందీ తిట్టేసింది.

“చల్లగా ఉండు అక్కా...” అని నేనేదో చెప్పబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తీసుకున్నవాళ్లు మంచి మాట అనకూడదట. పోగొట్టుకున్నవాళ్లు తిట్టకుండా ఉండకూడదట. తిట్లు పడిన పిలకే గట్టిగా వేరు దించుతుందని వాళ్లమ్మ చెప్పిందట. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ పిలక ఒక్క ఏడాదిలో నా వాకిలంతా పాకింది కాబట్టి ఇప్పటికీ గట్టిగా కాదనలేను.

పెంపకం మాత్రం ఆమె దాచుకోకుండా నేర్పింది. దొంగిలించాక ఎన్ని సందేహాలైనా అడగొచ్చు, దానికి అడ్డు లేదు. పిలకను తవ్వగానే నాటకూడదు, తెగిన చోటు ఆరేదాకా నీడలో పడెయ్యాలి. మట్టిలో సగం ఇసుక, చిన్న గులకరాళ్లు కలపాలి. దగ్గరగా నాటితే ఒకదాన్నొకటి నిలబెడతాయి, దూరంగా నాటితే వంగుతాయి. ఎస్టేటు దుమ్ము ఆకుల మీద పడితే పట్టీలు కనబడవు గనక ఆదివారం తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవాలి. కెంచమ్మక్క ఆదివారాలు అలాగే గడిచేవి, కింద కూర్చుని, పిల్లల మొహం కడిగినట్టు ఆకులు తుడుస్తూ. ఆమెకు పిల్లల్లేరు. ఆ మాట ఆమే చెప్పి, “ఉండేది ఒక్క అమ్ములు. అదే నా బిడ్డ,” అనేది.

వాళ్లది అంచెట్టి కొండల్లో గొర్రెలు మేపుకునే ఇల్లు. వాళ్ల నాయన చాగ ఆకును బండ మీద గీకి నార తీసి, గొర్రెపిల్లల్ని కట్టే తాళ్లు, దూరంగా పోయే గొర్రెను రాయి విసిరి మళ్లించే ఒడిసెలలు పేనేవాడట. అమ్మా నాయనా ఒకరి వెనక ఒకరు పోయారు. అడవిలో మేపు కష్టమైంది. గొర్రెల్ని అమ్మేసి కెంచమ్మక్కా పాపన్నా హోసూరుకు వచ్చారు, వెంట పదేళ్ల అమ్ములు, మూటలో చాగ దుంప. పాపన్న కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. ఆమె క్యాంటీన్లో కూరగాయలు తరగడానికి చేరింది. అమ్ములును చదివించి, మంజు అనే కుర్రాడికిచ్చి చేసింది. మంజు బండ్ల కంపెనీలో ఆపరేటరు, మంచివాడు. తొంభై ఎనిమిదిలో పర్మనెంటు కాగానే సైటు కొని ఇల్లు కట్టాడు.

గృహప్రవేశానికి మా లైనంతా వెళ్లాం. వాకిట్లో రంగు రంగుల క్రోటన్లు, బెంగుళూరు నర్సరీ నుంచి తెచ్చిన కుండీలు, నడవడానికి భయపడేంత పచ్చటి గడ్డి. కెంచమ్మక్క తన నేలలోకెల్లా మంచి గుబురును దుంపతో సహా పెకలించి, తడి గోనెలో చుట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చింది. మంజు కంపెనీ సూపర్‌వైజరు, ఆయన భార్య కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అమ్ములు గబగబా ఎదురొచ్చింది.

“ఏందక్కా ఇది, గొర్రెలోళ్ల నార ఈడెందుకు? ఎనకపక్క పెట్టుపో, ఎవురన్నా చూస్తారు.”

ఆ మాట నేను విన్నాను. సూపర్‌వైజరు భార్య విన్నదో లేదో తెలియదు. కెంచమ్మక్క గోనె మూటను వెనక గోడ దగ్గర పెట్టింది. విస్తరి ముందు కూర్చుంది గానీ ముద్ద ముట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ మూట మళ్లీ ఆమె నెత్తి మీదే ఉంది.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోలేదు. తిట్టుకుని ఉంటే ఎంతో బాగుండేది, తిట్లు అయిపోయేవి. వీళ్లు తిట్టుకోలేదు. రేషను కొట్టు దగ్గర ఎదురైతే ఒకరు సంచీలోకీ ఇంకొకరు ఆకాశంలోకీ చూసేవారు. ఇద్దరివీ ఒకే ఇంటి మొండితనాలు.

నాకు అమ్ములు మీద ఒళ్లు మండింది. ఆ మాటే అన్నాను. కెంచమ్మక్క తల అడ్డంగా ఊపింది.

“తప్పు నాది ప్రేమమ్మా. చేతికి ఇచ్చేదానికి పోతిని. ఇచ్చిన మొక్క యాడన్నా నిలస్తాదా? అదే వచ్చి దొంగిలిచ్చుకోవల్ల. నాకి ఆపొద్దు బుద్ధి పనిచెయ్యలేదు.”

“అక్కా, ఆయమ్మ నిన్ను నలుగుర్లో చిన్నబుచ్చింది. నువ్వేమో మొక్క సంగతి మాట్లాడతావు.”

“సేద్యగాళ్లింట్లో పుట్టినావు, నీకి పొలం గట్ల తగాదాలు అలవాటు. మాకి అట్ల కాదు,” అని నా మీదే ఎకసెక్కమాడి లేచిపోయింది.

కానీ ఆమె చేసిన పని చూశాను. నెత్తిన మోసి తెచ్చిన ఆ గుబురును కాలువ అంచున, వీధిలో పోయేవాళ్ల చేతికి అందే చోట నాటింది. చుట్టూ మట్టి వదులు చేసి ఉంచింది, తవ్వేవాళ్లకు కష్టం లేకుండా. ఎవరైనా ఆ పక్కకు వంగితే, “అది కాదు, ఇటుపక్కవి చూడు,” అని తల తిప్పుకునేది. కొద్ది రోజులకు వీధిలో అందరికీ తెలిసిపోయింది, అది అమ్ములు వంతు అని. పాపన్నకు ఈ వ్యవహారం తలకెక్కేది కాదు. ఒకనాడు మా ముందే అన్నాడు.

“నేనే ఒక పిలక తీసుకుపోయి ఆ బిడ్డ గేటుకాడ నాటి వస్తాను లే.”

“అది దొంగతనం యెట్లయితాది? దానమయితాది,” అని కెంచమ్మక్క కసిరింది. పాపన్న మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

మూడేళ్లు గడిచాయి. అమ్ములు గుబురు ఏటేటా పిలకలేసి లావైంది. ఒకరోజు కెంచమ్మక్క క్యాంటీన్ నుంచి వచ్చేసరికి అందులో సగం లేదు. తవ్విన గుంట తడిగా ఉంది. ఆమె నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ గుంట చూపించింది.

ఆ తిట్లు మా వీధి ఇంకా మరిచిపోలేదు. నడివీధిలో కాదు, అమ్ములు వీధి మలుపు దగ్గర నిలబడి తిట్టింది, ఆ ఇంటికి వినబడేట్టు. దొంగ కాళ్లు ఇరిగిపోవాలంది, కండ్లు పోవాలంది, కుండలో కూడు ఉడకకూడదంది. గొంతు బొంగురుపోయేదాకా తిట్టి, ఇంటికొచ్చి ఒబ్బట్లు చేసింది. లైనంతా పంచింది. విశేషమేమిటని అడిగినవాళ్లకు “సుమ్నె, ఊరికే” అని చెప్పింది. మొహంలో వెలుగు దాగితేనా.

ఆ వారమంతా చీర సర్దుకుంటూ గడపలో కూర్చుంది. మొక్క పట్టుకుపోయింది కదా, ఇక మనిషి వస్తుందని. అమ్ములు రాలేదు. చివరికి ఆమే ఏదో పని కల్పించుకుని అమ్ములు ఇంటి ముందుగా నడిచి వచ్చింది. కుండీల్లో క్రోటన్లే ఉన్నాయి.

చాగ దొరికింది మా లైనులోనే. మొదటి గదిలోకి సామల్పట్టి నుంచి ఈరప్ప అనే కుర్రాడూ అతని భార్యా కొత్తగా వచ్చారు. ఇక్కడి ఆనవాయితీ ఆ పిల్ల చెవిన పడింది, ఎవరి వంతు ఏదన్నది పడలేదు. చేతికందింది తవ్వుకుపోయి పెయింటు డబ్బాలో పెట్టుకుంది. కెంచమ్మక్క ఆ డబ్బా ముందు నిలబడేసరికి ఆ పిల్లకు చెమటలు పట్టాయి.

“బాగా పెట్టినావు బిడ్డా,” అంది కెంచమ్మక్క. “డబ్బా అడుగున బొక్క కొట్టు. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాది.”

మా గదిలోకి వచ్చి కూర్చున్నాక, “ఆ మొక్క ఇంక సావదు లే ప్రేమమ్మా. అమ్ములుకని దాచిన తిట్లన్నీ అది తినేసింది,” అని నవ్వబోయి ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. నాకూ ఆగలేదు. మరునాడు మిగిలిన సగం చుట్టూ మళ్లీ మట్టి వదులు చేసి పెట్టింది.

రెండువేల మూడులో ఎండలు ముదిరి బోర్లు ఎండిపోయాయి. లారీ నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడు బిందెలతో పరుగు. తాగడానికే లేని నీళ్లు మొక్కలకెవరు పోస్తారు? వీధిలో గులాబీలు పోయాయి, తులసి పోయింది. కెంచమ్మక్క చాగ ఆకులు కాస్త ముడుచుకుని, కొనలు ఎండి, అలాగే నిలబడ్డాయి. అమ్ములు ఇంట్లో గడ్డి మాడిందనీ, క్రోటన్లన్నీ ఆకులు రాల్చి పుల్లలయ్యాయనీ ఎవరో చెప్పారు. కెంచమ్మక్క ఒక పూటంతా ఆనందపడింది. దాచుకోలేదు కూడా. పొద్దు తిరిగేసరికి దిగులు మొదలైంది.

“వాకిలి బోసిగా ఉంటే దానికి కుదరదు ప్రేమమ్మా. చిన్నప్పుడే గుడిసె ముందర ఏదో ఒక కొమ్మ గుచ్చి పెట్టేది. ఇప్పుడు యెట్లుండాదో.”

“పోయి చూసిరా, ఎవురొద్దన్నారు?”

“దాని ఇల్లు. అది పిలవల్ల గదా.”

మరుసటి ఏడాది వానలు బాగా పడ్డాయి. ముసురు తెరిపిచ్చిన ఒక ఆదివారం పొద్దున కెంచమ్మక్క ఆకులు తుడుస్తోంది. నేను గడపలో బియ్యం ఏరుతున్నాను. వీధి మలుపులో అమ్ములు కనబడింది, చేతిలో వైరు బుట్టతో, నేరుగా మా వైపే వస్తూ.

మా లైనులో ఆడవాళ్లంతా ఒక్కసారిగా పనిమంతులైపోయారు. దొంగతనం చేసేటప్పుడు చూడకూడదు కదా. ఒకరు గోడవైపు తిరిగారు, ఇంకొకరు లేని పిల్లిని అదిలించారు. ఈరప్ప భార్య తలుపే వేసుకుంది. కెంచమ్మక్క గభాలున లేచి బిందె చంకనెత్తుకుంది.

“ప్రేమమ్మా, నేను కొళాయికాడికి పోయొస్తా. వచ్చేదానికి శానా సేపవుతాది,” అని వీధంతా వినబడేట్టు చెప్పి, చెల్లెలి వైపు చూడకుండా నడవబోయింది.

అమ్ములు అడ్డంగా నిలబడింది. “అక్కా, నిలు.”

“నీళ్లు పోతాయి మే. తొలుగు.”

“ఈపొద్దు కొళాయి రాదు. నాకి తెలుసు.” అమ్ములు బుట్ట ముందుకు చాచింది. “నాకి ఒక పిలక ఇయ్యక్కా.”

కెంచమ్మక్క చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని. గొంతు తగ్గించి బతిమాలింది. “అడగొద్దే. నీకి తెలుసు గదా. నేను అట్ల మలుపుదాకా పోతాను, కాలవకాడ ఉండేది నీదే, తవ్వుకో. అడిగితే బతకదు.”

“నాకి తెలీదా? అమ్మ నీకొక్కదానికే చెప్పిందా?” అమ్ములు కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. “నువ్వు క్యాంటీనుకు పోయినప్పుడు ఎన్ని మార్లు వచ్చినానో. తవ్వేదానికి వంగినాను, తవ్వకుండానే పోయినాను. తీసుకుపోతే నీతో మాట్లాడే పనే లేకుండా పోతాది గదక్కా.”

కెంచమ్మక్క బిందె కింద పెట్టింది. పెట్టిందో వదిలేసిందో, అది దొర్లి కాలువ దాకా పోయింది. ఎవరూ తీయలేదు.

“ఆపొద్దు నేను అట్ల అనింది తప్పక్కా,” అంది అమ్ములు.

“యాపొద్దు?” అంది కెంచమ్మక్క.

ఇద్దరూ కాలువ అంచున కూలబడ్డారు. పలుగు ఇంట్లో ఉందని కూడా గుర్తులేనట్టు చేతులతోనే తవ్వారు. వానకు నాని మట్టి మెత్తగా ఉంది. లావుపాటి దుంపతో గుబురు మొత్తం పైకొచ్చింది. కెంచమ్మక్క మట్టి దులిపి, తెగిన వేళ్లను చూసి, దాన్ని రెండు చేతులతో అమ్ములు చేతుల్లో పెట్టింది. వీధిలో అంతమంది చూస్తుండగా, తన చేత్తో.

“ఇది ఊరికే బతకదు మే. అడిగి తీసుకుంటివి,” అంది. “నేను దినామూ వచ్చి చూసుకోవల్ల.”

“దినామూ రా,” అంది అమ్ములు.

బండ మీద విసిరేసినా బతికే మొక్క అది. అక్కడున్న మా అందరికీ ఆ సంగతి తెలుసు. ఒక్కరమూ నోరు మెదపలేదు. బుట్టలో గుబురు పట్టలేదు, అందుకని చెరో పక్కా పట్టుకుని నడిచారు. తడి చేతుల మట్టి చీరలకు అంటుతున్నా చూసుకోలేదు. మలుపు తిరిగేదాకా కెంచమ్మక్క ఏదో చెబుతూనే ఉంది, అమ్ములు తల ఊపుతూనే ఉంది.

సాయంత్రం షిఫ్టు దిగి పాపన్న వచ్చేసరికి గదికి తాళం వేసి ఉంది. నేను తాళంచెవి ఇచ్చి, అక్క అమ్ములింటికి పోయిందని చెప్పాను. మొదట నమ్మలేదు. తర్వాత టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కాసేపు గడపలోనే కూర్చున్నాడు.

“పిలుచుకు రమ్మంటావా అన్నా?” అని అడిగాను.

“వద్దమ్మా. ఉండనీ,” అన్నాడు. లోపలికి వెళ్లి, దీపం వేసి, పొద్దుటి అన్నం తనే వడ్డించుకున్నాడు.